ఎకరాలతో తేలని లెక్క

తార్నాక చౌరస్తా నుంచి ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచి వెళ్తుంటే, ఉస్మానియా ఆవరణలో చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న యువతీ యువకులు కనిపిస్తారు. ఒకరు అడగడం, ఒకరు చెప్పడం. ప్రపంచంలో అతి చిన్న దేశం? వాటికన్ సిటీ. రెండోది? మొనాకో. మూడోది? నౌరు. పరీక్షకు ఆ మూడు మాటలు చాలు. ఒక మార్కు వస్తుంది. అయితే అంత చిన్న చోటు దేశం ఎలా అయిందన్న ప్రశ్న ఏ గైడులోనూ కనబడదు. మనం ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం.

ముందు కొలత చూద్దాం. వాటికన్ విస్తీర్ణం 44 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 109 ఎకరాలు. మొనాకో రెండు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, సుమారు 514 ఎకరాలు. ఉస్మానియా ఆవరణ 1,300 ఎకరాలని కొందరు, 1,600 అని కొందరు చెబుతారు. తక్కువ లెక్కే తీసుకున్నా, ఆ రెండు దేశాలనూ తెచ్చి ఇక్కడ పరిస్తే సగం ఆవరణ కూడా నిండదు. ఆ తర్వాతి స్థానాల్లో నౌరు 21 చదరపు కిలోమీటర్లు, తువాలు 26, శాన్ మారినో 61, లీక్టెన్‌స్టెయిన్ 160. ఈ ఆరు దేశాలూ కలిపినా 2007లో ఏర్పడిన నాటి జీహెచ్ఎంసీలో సగానికి రావు.

జనాభా లెక్కన వరుస మారిపోతుంది. వాటికన్‌లో వెయ్యి మంది లేరు. మన ఎన్నికల్లో ఒక్క పోలింగ్ కేంద్రం వాళ్లకు సరిపోతుంది. తువాలు, నౌరులలో ఒక్కోదానిలో పది పన్నెండు వేల మంది. వైశాల్యంలో రెండో చిన్నదైన మొనాకోలో మాత్రం దాదాపు 39 వేల మంది ఉన్నారు; ప్రపంచంలో జనం అత్యంత కిక్కిరిసిన దేశం అదే. "అతి చిన్న దేశం" అని ఎవరైనా అడిగితే, నేలలోనా, జనంలోనా అని తిరిగి అడగాలి.

వాటికన్ ఎలా దేశమైంది? 1870లో ఇటలీ సైన్యం రోమ్‌ను స్వాధీనం చేసుకోవడంతో పోపుల పాలనలోని భూములన్నీ పోయాయి. తర్వాత 59 ఏళ్లు పోపులు వాటికన్ గోడల మధ్యే ఉండిపోయారు. 1929 ఫిబ్రవరి 11న కుదిరిన లాటెరన్ ఒప్పందంతో ఇటలీ ఆ కాస్త నేలనూ స్వతంత్ర రాజ్యంగా ఒప్పుకుంది. అక్కడ పుట్టినంత మాత్రాన ఎవరికీ పౌరసత్వం రాదు. బాధ్యతను బట్టి వస్తుంది, బాధ్యత తీరాక పోతుంది. మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు. 2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్న సభలో ఆయనకూ ఓటు ఉంది. అంటే ఆ దేశాధిపతిని ఎన్నుకోవడంలో మన కర్నూలు జిల్లా బిడ్డకు పాలు దక్కింది. కానీ ఆయన వాటికన్ పౌరుడు కాదు. ఆ హక్కు వాటికన్‌లోనో రోమ్‌లోనో నివసించే కార్డినల్స్‌కే.

ఇప్పుడు ఆర్ట్స్ కాలేజీ వైపు ఒకసారి చూడండి. 1939లో ప్రారంభమైన ఆ గులాబీరంగు గ్రానైటు కట్టడాన్ని కట్టించిన హైదరాబాద్ సంస్థానం 82 వేల చదరపు మైళ్లకు పైబడినది. 1941 లెక్కల్లో కోటీ అరవై లక్షల పైచిలుకు జనం. సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా బిళ్ల. వాటికన్‌తో పోలిస్తే ఏనుగు పక్కన చీమ. కానీ విదేశీ వ్యవహారాలు ఆంగ్లేయుల చేతిలో ఉండేవి. వారు వెళ్లిపోయాక నిజాం విడిగా నిలవాలనుకున్నా ప్రపంచం ఆయన రాజ్యాన్ని దేశంగా గుర్తించలేదు. రాజ్యంలోపలే జనం భారత్‌లో కలవాలని ఉద్యమించారు. 1948 ఆగస్టులో భద్రతా మండలికి ఫిర్యాదు వెళ్లింది, సెప్టెంబరు 17తో కథ ముగిసింది. ఎకరాలే దేశాన్ని నిర్ణయిస్తే ఫలితం వేరుగా ఉండేది.

దేశానికి నాలుగు లక్షణాలు ఉండాలని 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం చెప్పింది: స్థిరమైన జనం, హద్దులున్న నేల, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నెరపగల శక్తి. ఎంత నేల, ఎంత జనం అన్నది అందులో లేదు. అందుకే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 140 కోట్ల భారతదేశానికీ ఒకే ఓటు, తువాలుకూ ఒకే ఓటు. వాటికన్ అందులో సభ్యత్వం తీసుకోలేదు. అక్కడ పరిశీలక హోదాలో కూర్చునేది పరిశుద్ధ పీఠం.

చిన్న దేశానికి ఉన్న చిక్కు ఏమిటంటే, పొరపాటు చేస్తే జరిగి కూర్చోవడానికి మరో చోటు ఉండదు. నౌరు దీవి మధ్యభాగమంతా ఫాస్ఫేట్ నిక్షేపం. పరాయి పాలకులు దాన్ని తవ్వి తమ పొలాలకు ఎరువుగా తీసుకుపోయారు. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక నౌరు వాసులూ తవ్వకం ఆపలేదు. కొంతకాలం తలసరి ఆదాయంలో ప్రపంచంలోని సంపన్నుల సరసన నిలిచారు. నిక్షేపం తరిగాక మిగిలింది రాతి మొనలు తేలిన బీడు. ఇప్పుడు జనమంతా తీరం వెంబడి సన్నని పట్టీలో బతుకుతున్నారు.

తువాలు ఏ పొరపాటూ చేయలేదు. తొమ్మిది పగడపు దీవులు. ఎక్కడా అయిదు మీటర్లకు మించి ఎత్తు లేదు. రాజధాని ఫునాఫుటిలో విమానం రాని వేళల్లో రన్‌వేనే పిల్లల ఆటస్థలం. అక్కడి సంఘ చరిత్ర మనకు మరీ పరాయిది కాదు. 1861లో కుక్ దీవుల నుంచి ఎలెకానా అనే సంఘ సేవకుని పడవ దారితప్పి వారాల తరబడి కొట్టుకుపోయి ఆ దీవుల్లో ఒకదానికి చేరింది. ఆయన వెనుక సువార్త పని చేపట్టింది లండన్ మిషనరీ సొసైటీ. 1805లో విశాఖపట్నంలో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టినదీ ఆ సొసైటీయే. నేటికీ తువాలు ప్రజల్లో అత్యధికులు ఆ సంఘంవారే.

ఆ నేలను ఇప్పుడు సముద్రం తింటోంది. 2021లో వాళ్ల విదేశాంగ మంత్రి సైమన్ కోఫే మోకాలి లోతు సముద్రపు నీటిలో నిలబడి వాతావరణ సదస్సుకు ప్రసంగం పంపారు. నేల మునిగినా దేశం కొనసాగుతుందని 2023లో వాళ్లు రాజ్యాంగంలోనే రాసుకున్నారు. మాంటెవీడియో చెప్పిన నాలుగింటిలో నేల అనేది లేకపోతే ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న. ఆ ఏడాదే ఆస్ట్రేలియాతో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఏటా 280 మంది తువాలు పౌరులు అక్కడికి వెళ్లి స్థిరపడవచ్చు. ఎవరు వెళ్లాలో చీటీ తీస్తారు. 2025లో మొదటిసారి చీటీకి పేర్లు పిలిస్తే, కుటుంబసభ్యులతో కలిపి అయిదింట నాలుగు వంతుల జనం నమోదు చేసుకున్నారు. ఏటికి 280 చొప్పున పదివేల మంది దాటాలంటే ముప్పై అయిదేళ్లు పైనే పడుతుంది.