కేకులో వేసిన నిమ్మరసం పులుపు ఎటు పోయింది?

వానలు మొదలయ్యేసరికి పెరట్లో నిమ్మచెట్టు ఉన్న ఇళ్లలో ఒకటే సమస్య: ఇన్ని కాయలు ఏం చేసుకోవాలి? మన వాతావరణంలో నిమ్మ ఏడాదికి రెండు మూడు విడతలు పూస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే పూత జూన్ నుంచి ఆగస్టు లోపు కాపుకొస్తుంది. ఏప్రిల్‌లో బజారులో కాయ కాయకూ బేరమాడినవాళ్లే ఇప్పుడు ఇరుగుపొరుగుకు సంచుల కొద్దీ పంచుతారు. ఊరగాయ జాడీకెక్కింది, షర్బత్ సీసాలు నిండాయి, పులిహోర రెండుసార్లు అయింది. అయినా చెట్టు కింద కాయలు రాలుతూనే ఉంటాయి. ఓటీజీ ఉన్న ఇంట్లోనో, ప్రెషర్ కుక్కర్ అడుగున ఉప్పు పోసి కేకు చేసే ఇంట్లోనో అప్పుడు పుట్టే ఆలోచనే నిమ్మ కేకు.

తీరా చేశాక చాలామందికి ఎదురయ్యే నిరాశ కూడా ఒకటే. నాలుగు కాయల రసం పిండినా కేకులో నిమ్మ జాడ తెలియదు. పులుపు లేదు, వాసన అంతంతమాత్రం. కాయలో దమ్ము లేదని చెట్టును తిడతాం. నిజానికి కాయలో లోపమేమీ లేదు. ఆ పులుపును కేకు పొంగడానికి మనమే ఖర్చు పెట్టేశాం.

నిమ్మరసంలో సుమారు ఆరు శాతం సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్, ఒక క్షారం. తడి పిండిలో ఈ రెండూ కలవగానే కార్బన్ డయాక్సైడ్ వాయువు, నీరు, సోడియం సిట్రేట్ అనే లవణం తయారవుతాయి. ఈ లవణం నాలుకకు కాస్త ఉప్పగా తగులుతుంది కానీ పుల్లగా ఉండదు. సిట్రిక్ ఆమ్లపు ఒక్కో అణువు మూడు సోడా అణువుల పని పట్టగలదు. బరువుల్లో చెప్పాలంటే ఒక గ్రాము సోడాకు 0.76 గ్రాముల ఆమ్లం కావాలి. అంటే 12, 13 మిల్లీలీటర్ల రసం. కప్పు మైదాకు మామూలుగా వేసే పావు టీస్పూను సోడా 1.2 గ్రాముల దగ్గర ఉంటుంది. దానికి సరిగ్గా సరిపడేది ఒక టేబుల్ స్పూను రసం.

ఆ స్పూనుడు రసం ఊరికే పోలేదు. గ్రాము సోడా పూర్తిగా విరిగితే గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 290 మిల్లీలీటర్ల వాయువు వస్తుంది. ఓవెన్‌లో కేకు లోపలి భాగం నూరు డిగ్రీల సెల్సియస్‌కు చేరువయ్యేసరికి అదే వాయువు వ్యాకోచించి 360 మిల్లీలీటర్లు అవుతుంది. భౌతికశాస్త్రం చదువుకున్న నాకు కేకులో అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే: చిటికెడు తెల్ల పొడిలో ఒకటిన్నర కప్పుల గాలి దాగి ఉండటం. దాంట్లో చాలా భాగం తప్పించుకుపోతుంది. గుడ్డు, మైదా ప్రొటీన్లు గట్టిపడేలోపు చిక్కిన బుడగలే మనకు మెత్తదనంగా మిగులుతాయి. సోడా, రసం కలిసిన క్షణం నుంచే వాయువు పోవడం మొదలవుతుంది కాబట్టి ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి. పిండి కలిపి పెట్టి ఫోన్ మాట్లాడటానికి వెళ్తే గిన్నెలోనే పొంగు అయిపోతుంది.

మరి టేబుల్ స్పూనుకు మించి పోసిన రసం? అది కొంత పుల్లగానే ఉంటుంది. అయితే పాలలోని ప్రొటీన్లు, గుడ్డు తెల్లసొన కొంత ఆమ్లాన్ని మింగేస్తాయి. మిగిలినదాన్ని కప్పుడు చక్కెర కప్పేస్తుంది. ఇంకా ఇంకా రసం పోస్తూ పోతే పిండి పలచబడుతుంది, పైభాగం గోధుమరంగుకు తిరగదు. అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి రంగు తెచ్చే చర్య పులుపులో మందగిస్తుంది మరి. అందుకే నిమ్మ కేకు పాలిపోయినట్టు కనిపిస్తే కంగారుపడి మరో పావుగంట ఉంచకండి. పుల్ల గుచ్చి చూడండి, అది పొడిగా వస్తే చాలు. సోడా ఎక్కువైతే కథ తిరగబడుతుంది. మిగిలిపోయిన సోడా వేడికి సోడియం కార్బొనేట్‌గా మారి నాలుకపై సబ్బు రుచి వదులుతుంది. బేకింగ్ పౌడర్ సంగతి వేరు. అందులో సోడాకు కావలసిన ఆమ్లం కంపెనీవాళ్లే కలిపి ఉంచుతారు. దాన్నీ వంటసోడానూ ఒకటిగా లెక్కేస్తే ఇక్కడ చెప్పిన కొలతలేవీ పనికిరావు.

మీ చెట్టు కాయల పులుపును మీరే కొలుచుకోవచ్చు. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా లాంటిది ఉంటే ఒక గ్రాము సోడాను గాజు గ్లాసులో వేయండి. మందులకిచ్చే సిరంజితో రసం రెండేసి మిల్లీలీటర్లు పోస్తూ కలపండి. నురగ పూర్తిగా ఆగేదాకా ఎంత పట్టిందో రాసుకోండి. చివర్లో నురగ బాగా నెమ్మదిస్తుంది. సిట్రిక్ ఆమ్లం ఇచ్చే మూడో హైడ్రోజన్ అయాన్ బలం దాదాపు కార్బానిక్ ఆమ్లం బలమంతే, అందుకని తొందరపడకుండా రెండు నిమిషాలు ఆగి చూడాలి. పది మిల్లీలీటర్లకే నురగ ఆగిందంటే మీ కాయ పులుపు ఎక్కువ. పదిహేను పట్టిందంటే తక్కువ.

ఈ కొలత ఎందుకంటే, విదేశీ రెసిపీలో ఉన్న ‘లెమన్’ మన పెరటి నిమ్మ కాదు. అది పెద్దది, పసుపుపచ్చనిది, తొక్క మందం. కాయ నూరు గ్రాములకు అటూ ఇటూ తూగి, 40, 45 మిల్లీలీటర్ల రసం ఇస్తుంది. మన కాగ్జీ నిమ్మ 40, 50 గ్రాములు, రసం 20 మిల్లీలీటర్ల దగ్గర. రెండూ దాయాదులే. పంపర పనస, కమలా జాతుల కలయికతో పుట్టిన పుల్ల నారింజ మాదీఫలంతో కలిస్తే లెమన్ వచ్చింది. మైక్రాంథా అనే అడవి జాతి అదే మాదీఫలంతో కలిస్తే మన నిమ్మ వచ్చింది. ఈ కుటుంబం మొత్తానికీ పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయ పాదప్రాంతం, అంటే అస్సాం, ఉత్తర మయన్మార్, చైనాలోని యునాన్ పరిసరాలని 2018లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం చెప్పింది. కాబట్టి రెసిపీలో రెండు కాయలని ఉంటే మన కాయలు నాలుగైనా కావాలి. అసలు కాయల లెక్క మానేసి రసాన్ని మిల్లీలీటర్లలో కొలవడం మేలు.

ఇక వాసన. అది రసంలో కన్నా తొక్కలో ఎక్కువ. పచ్చటి పైపొరలో తైలగ్రంథులు ఉంటాయి. తొక్కను వంచితే సన్నటి తుంపర చిమ్ముతుంది కదా, సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఈ జాతి పండ్ల తుంపరలను హైస్పీడ్ కెమెరాతో చిత్రించారు. ఆ ధారలు సెకనుకు పది మీటర్ల దాకా వేగం అందుకున్నాయి. ఆ తైలంలో అత్యధిక భాగం లిమోనీన్, కానీ నిమ్మ అని ముక్కు గుర్తుపట్టే వాసన ముఖ్యంగా కొద్దిపాటి సిట్రాల్‌ది. లిమోనీన్ 176 డిగ్రీల దగ్గర గానీ మరగదు, కేకు లోపల నూరు దాటదు, ఇక వాసన ఎందుకు పోవాలి? నీటి ఆవిరి తనతో పాటు తైలాన్ని కూడా మోసుకుపోతుంది. అత్తరు తయారీలో చేసేది ఇదే. బేకింగ్ అవుతుండగా ఇల్లంతా నిమ్మ వాసన గుబాళించిందంటే ఆ మేరకు కేకులో తగ్గినట్టే!

దీనికి విరుగుడు కొవ్వు. ఈ తైలాలు నీటిలో కరగవు, వెన్నలో కరుగుతాయి. తొక్క తురుమును ముందు చక్కెరతో వేళ్లతో నలపండి. చక్కెర పలుకులు గ్రంథులను చీలుస్తాయి, చక్కెర తడిసి లేత పచ్చగా మారుతుంది. ఆ చక్కెరను వెన్నతో గిలక్కొట్టాలి. తురుమును రసంలో నానబెట్టకూడదు, ఆమ్లంలో సిట్రాల్ నిలవదు. కాగ్జీ పేరు కాగితం నుంచి వచ్చిందే, తొక్క అంత పలచన. తురుముపీట సన్నటి వైపు మీద కాయను ఒకచోట ఒక్కసారే, పైపైన రాయాలి. తెల్లపొర తగిలితే చేదు వస్తుంది. గింజలు నలిగినా అంతే. ఆ చేదు లిమోనిన్ అనే పదార్థానిది, కొంతసేపటికి గానీ తేలదు. రసం పిండగానే రుచి చూసి బాగుందనుకుంటే సరిపోదు.

పెరటి చెట్టు గొప్పతనం ఈ తొక్క దగ్గరే. దుకాణంలో కాయలకు మెరుపు కోసం మైనం పూసి ఉండొచ్చు, ఇంటి కాయకు ఆ బెడద లేదు. కాకపోతే గజ్జి తెగులుకని చెట్టు మీద బోర్డో మిశ్రమమో, కాపర్ ఆక్సీక్లోరైడో చల్లి ఉంటే ఆ విడత కాయల తొక్క వాడకండి. గజ్జి మచ్చలు మనిషికి హాని చేయవు, ఆ మేర వదిలేసి తురిమితే చాలు. కొత్తగా మొక్క నాటేవాళ్లకు గజ్జిని తట్టుకునే బాలాజీ రకం ఉంది.

పులుపు సంగతి మిగిలింది. పొంగడానికి ఖర్చయ్యే రసం వేరు, రుచికి దాచే రసం వేరు అని మొదటే పంచుకోవాలి. కప్పు మైదా కేకుకు పిండిలో ఒక టేబుల్ స్పూను వేసి, మరో మూడు స్పూన్లు పక్కన పెట్టండి. అందులో అంతే చక్కెర కరిగించండి, మరిగించక్కర్లేదు. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు, ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. కేకు ఓవెన్ నుంచి తీయగానే పుల్లతో ఇరవై ముప్పై చోట్ల గుచ్చి చెంచాతో కొద్దికొద్దిగా పోయండి. వేడికి పాకం పలచబడి సన్నటి రంధ్రాల్లోకి తనంతట తనే పాకుతుంది. అక్కడ దాన్ని చంపే సోడా మిగిలి ఉండదు కాబట్టి పులుపు పులుపులాగే ఉంటుంది. కోసే ముందు రెండు మూడు గంటలు ఆగితే సమంగా పరుచుకుంటుంది.

రసం పిండే పని పిల్లలకు అప్పగిస్తే నీడలో కూర్చోబెట్టండి. నిమ్మ తొక్కలో, రసంలో ఫ్యూరోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే కాలినట్టు ఎర్రబడి బొబ్బలు వస్తాయి. వెంటనే కాదు, మర్నాడో ఆ పై రోజో. అందుకే కారణం ఎవరికీ తట్టదు. ఆ తర్వాత మిగిలే నల్లటి మచ్చలు వారాల తరబడి పోవు. ఎండలోకి వెళ్లే ముందు చేతులు, మోచేతుల దాకా, సబ్బుతో కడిగిస్తే సరిపోతుంది.