పెద్ద తెర వెలుగనిచో దోషమెచ్చట?

మన పిల్లలకు బడిలో తెలుగు పాఠము చెప్పు గంటలు కొలదియే. వీధిలో రాష్ట్రభాష, పరీక్షలలో ఆంగ్లము. ఈ రెంటి నడుమ మన అక్షరము నిలువవలెనన్నచో ఇంటిలో కూడ కొంత కృషి జరుగవలెను. అందుకై పలువురు తల్లిదండ్రులు లాప్‌టాపును ఇంటి టీవీకి కలిపి, తెలుగు పాఠములను, పద్యపఠనములను పిల్లలందరును కూర్చుండి చూచునట్లు ఏర్పాటు చేసికొనుచున్నారు. ఇది మెచ్చదగిన పని. అయితే ఒకనాడు తీగ కలిపినను టీవీపై ‘నో సిగ్నల్’ అను మాట తప్ప వేరేమియు కనబడదు. అప్పుడు కొందరు క్రొత్త తీగను, కొందరు క్రొత్త యంత్రమునే కొనుటకు సిద్ధపడుదురు. కాని లోపము యంత్రమునందు గాక, గ్రాఫిక్స్ డ్రైవరు అను ప్రోగ్రామునందు ఉండవచ్చును. దానిని సరిచేయుటకు పైకము అక్కరలేదు, క్రమము కావలెను.

డ్రైవరు అనగా నేమి?

లాప్‌టాపులో బొమ్మను సిద్ధపరచు భాగమును గ్రాఫిక్స్ చిప్పు అందురు. ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా అను సంస్థల చిప్పులు ఎక్కువగా వాడుకలో నున్నవి. ఒక్కొక్క చిప్పునకు ఒక్కొక్క భాష. విండోసునకు ఆ భాషలన్నియు రావు. ఈ ఇరువురి నడుమ దుబాసిగా నిలుచునదే డ్రైవరు. పరభాషా ప్రాంతమున తరతరములుగా కాపురముండు మనకు దుబాసి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. కచేరీలో అధికారియు మంచివాడే, అర్జీ పెట్టినవాడును మంచివాడే. నడుమనున్నవాడు మాట తప్పుగ చెప్పినచో పని చెడును. ఇచ్చటను అంతియే.

సరియైన డ్రైవరు లేనప్పుడు విండోస్ తనవద్దనున్న సామాన్యపు డ్రైవరుతో కాలము గడుపును. దాని పేరు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్. లాప్‌టాపు తెరపై బొమ్మ చూపుట దానికి వచ్చును గాని, రెండవ తెరను కూడ నడుపుట చేతకాదు. కనుకనే ‘లాప్‌టాపు బాగుగనే యున్నది, టీవీయే చెడినది’ అను భ్రమ కలుగును.

మరియొక విశేషము గలదు. కొన్ని లాప్‌టాపులలో రెండు గ్రాఫిక్స్ చిప్పులుండును. లోపలి తెరను ఇంటెల్ చిప్పు నడుపుచుండగా, హెచ్‌డీఎంఐ రంధ్రము ఎన్విడియా చిప్పునకు కలుపబడి యుండవచ్చును. ఆ రెండవ చిప్పు డ్రైవరు చెడినచో బయటి తెర మాత్రమే చీకటి యగును.

ముందుగ చూడవలసినవి

తీగ రెండు కొనలును గట్టిగా నున్నవా? టీవీ రిమోటుతో సరియైన హెచ్‌డీఎంఐ సంఖ్యను ఎన్నుకొంటిరా? వేరొక తీగతో గాని, పొరుగువారి లాప్‌టాపుతో గాని బొమ్మ వచ్చుచున్నదా? యూఎస్‌బీ-సీ రంధ్రములన్నియు బొమ్మను పంపజాలవనియు గుర్తుంచుకొనవలెను. పిమ్మట విండోస్ మీటను నొక్కిపట్టి ‘పి’ అక్షరమును నొక్కిన నాలుగు మార్గములు కనబడును. అందు రెండు తెరలపైనను ఒకే బొమ్మను చూపు ‘డూప్లికేట్’ అనుదానిని ఎన్నుకొనుడు.

ఇంతటితో తీరనిచో ఈ పరీక్ష చేయుడు. తీగను కలిపియే యుంచి, లాప్‌టాపును ఆపి మరల వెలిగింపుడు. విండోస్ రాకమునుపు తయారీదారు చిహ్నము టీవీపై కనబడి, విండోస్ వచ్చిన వెంటనే మాయమైనచో, తీగ, రంధ్రము, టీవీ మూడును పనిచేయుచున్నట్లే. అనుమానము డ్రైవరుపై నిలుచును. చిహ్నము కనబడనంత మాత్రమున యంత్రము చెడినదని తలపరాదు. కొన్ని లాప్‌టాపులు డ్రైవరు వచ్చువరకు బయటి తెరను మేల్కొలుపవు.

సరిచేయు క్రమము

మొదట విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతో కూడ ‘బి’ అక్షరమును ఒక్కసారిగా నొక్కుడు. తెర క్షణకాలము ఆరి వెలుగును. ఇది డ్రైవరును తిరిగి మొదలుపెట్టుట. తెరచియున్న పనులు చెడవు.

రెండవది: స్టార్ట్ గుర్తుపై కుడి బటను నొక్కి, డివైస్ మేనేజర్ తెరచి, డిస్‌ప్లే అడాప్టర్స్ అను వరుసను చూడుడు. పసుపుపచ్చని హెచ్చరిక గుర్తుగాని, పైన చెప్పిన సామాన్యపు డ్రైవరు పేరుగాని ఉన్నచో మీ అనుమానము బలపడినట్లే.

మూడవది: విండోస్ అప్‌డేటు జరిగిన మరునాటినుండి ఈ చిక్కు వచ్చినచో, ఆ చిప్పు పేరుపై రెండుసార్లు నొక్కి, డ్రైవర్ అను పుటలో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ ఎన్నుకొనుడు. పాత డ్రైవరు తిరిగి వచ్చును. ఆ బటను మసకగా నున్నచో పాతది నిలువలో లేదని యర్థము.

నాలుగవది: లాప్‌టాపు అడుగున నున్న మోడలు సంఖ్యను వ్రాసికొని, తయారుచేసిన సంస్థవారి వెబ్‌సైటునుండియే డ్రైవరును తెచ్చి పెట్టుడు. అది ఉచితము. డ్రైవర్లను బాగుచేయుదుమని ప్రకటనలతో పైకమడుగు ప్రోగ్రాములను దరిచేరనీయరాదు. పనిచేయు డ్రైవరు దొరికిన పిమ్మట దాని ప్రతిని పెన్‌డ్రైవులో దాచుకొనుట మంచిది. పాత యంత్రములకు క్రొత్త డ్రైవర్లు ఇచ్చుటను సంస్థలు కొంతకాలమునకు మానుకొనును.

ఇన్ని చేసినను తెర వెలుగనిచో మరమ్మతు దుకాణమునకు పోవలసినదే. అప్పుడు కూడ చేసిన పరీక్షలను, కనిపించిన గుర్తులను కాగితముపై వ్రాసి తీసికొనిపోవుడు. మదర్‌బోర్డు మార్చవలెనని చెప్పినచో, డ్రైవరును సరిచూచితిరా యని తప్పక అడుగుడు. ఈ యొక్క ప్రశ్నతో వేల రూపాయలు మిగులవచ్చును.

తల్లిదండ్రులకు తుదిమాట యొకటి. ఈ పని చేయునప్పుడు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. తెరపైని ఆంగ్లపదములను వారు చదువుదురు గాక. దాని యర్థమును తెలుగున మీరు చెప్పుడు, లేదా వారిచేత చెప్పింపుడు. పాఠము చూచుటకు తెర వెలుగకమునుపే ఒక తెలుగు పాఠము జరిగినట్లగును.