పెరటిచెట్టు - ప్రభుత్వానుమతి

పెరటిచెట్టు మందుకు పనికిరాదని సామెత. చేరువలో ఉన్నదాని విలువను మనం గుర్తించమని దాని భావం. అయితే ఆ చెట్టునే కొట్టివేయవలసి వచ్చినప్పుడు దాని విలువ అనేకులకు ఒక్కసారిగా గుర్తుకు వస్తుంది. వేళ్ళు చొచ్చి గోడ పగులుతున్నదని యజమాని అంటాడు. రాలిన ఆకులతో తమ వాకిలి నిండుతున్నదని పొరుగువారు అంటారు. ఆ నీడన కూర్చుండే వృద్ధులు కొట్టవద్దంటారు. కలప వ్యాపారి బేరానికి దిగుతాడు. ఈ నలుగురితో పాటు ప్రభుత్వానికి కూడా ఆ చెట్టు విషయంలో ఒక మాట చెప్పే అధికారం ఉన్నదన్న సంగతి చాలమందికి తెలియదు. "నా స్థలం, నా చెట్టు, నా గొడ్డలి, నడుమ ఇంకొకరి అనుమతి ఎందుకు?" అన్న ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానం తెలుసుకోవాలంటే ముందు నీటి సంగతి తెలుసుకోవాలి.

పల్నాటి సీమ ఎండలకు పెట్టింది పేరు. శ్రీనాథునివిగా ప్రచారంలో ఉన్న చాటుపద్యాలు ఈ సీమలోని నీటి ఎద్దడిని, జొన్నకూటిని పరిహసించిన సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన పిమ్మట కుడికాలువ కింది పొలాల రూపురేఖలు మారినవి గాని, ఎండ మారలేదు. గురజాల సమీపంలోని రెంటచింతల పేరు వేసవిలో రాష్ట్రంలోని అత్యధిక ఉష్ణోగ్రతల వార్తలలో తరచుగా వినవస్తూనే ఉంటుంది. నాపరాళ్ళు పరచిన వాకిళ్ళు పగలంతా కాగి, రాత్రి చాలసేపటివరకు ఆ వేడిని వెలిగ్రక్కుతూ ఉంటాయి. అటువంటి ఊళ్ళలో పెరటిలోని వేపచెట్టు ఆ ఇంటికి మాత్రమే చెందిన వస్తువు కాదు. దాని నీడ ప్రహరీగోడ దాటి వీధిలో పడుతుంది. దాని వేళ్ళ వెంట ఇంకిన వాననీరు పొరుగువాని బావికి కూడా చేరుతుంది.

సరిగా ఈ ఆలోచన మీదనే ఒక శాసనం వెలసినది. అది 2002 నాటి ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష చట్టం. ఆంగ్ల నామంలోని తొలి అక్షరాలను కలిపి దానిని 'వాల్టా' అని వ్యవహరిస్తున్నారు. ఈ చట్టం రాకముందు భూగర్భజలాలను గూర్చి 1996లో చేసిన చట్టమొకటి ఉండేది. అది ప్రధానంగా తాగునీటి రక్షణకు పరిమితమైనది. దానిని తొలగించి, నీటితో పాటు భూమిని, చెట్లను కూడా ఒకే గొడుగు కిందికి తెచ్చినది వాల్టా. బోరుబావి త్రవ్వకమూ, ఇసుక తవ్వకమూ, చెట్టు నరకడమూ ఒకే చట్టంలో చోటు చేసుకోవడం మొదట వింతగా తోచవచ్చు. వర్షపు నీటిని నిలిపే చెట్టును విడిచి, ఆ నీటిని తోడే బోరును మాత్రమే అదుపు చేయడం వలన ప్రయోజనం లేదని శాసనకర్తలు గ్రహించినారు. 2014లో రాష్ట్రం రెండైన తరువాత కూడా ఈ చట్టం ఇరు రాష్ట్రాలలోను కొనసాగుతున్నది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాకూ ఇదే వర్తిస్తుంది.

చెట్ల విషయంలో ఈ చట్టం చెప్పే ముఖ్యమైన మాట ఇది: తన భూమిలోనిదైనా, ఇతరుల భూమిలోనిదైనా, నిర్దేశిత అధికారి ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ చెట్టును నరకరాదు, నరికించరాదు. దీనివలన యాజమాన్యం పోదు. చెట్టు యజమానిదే, కలప యజమానిదే. నరికే నిర్ణయం మాత్రం అతని ఒక్కనిది కాదు. సొంత స్థలంలో ఇల్లు కట్టుకొనేవాడు కూడా పురపాలక సంఘంలో ప్లాను ఆమోదం పొందుతున్నాడు గదా! దానిని తన హక్కుకు భంగమని ఎవరూ భావించరు. చెట్టు విషయంలో మాత్రం మనకు ఆ అలవాటు ఇంకా కాలేదు.

చెట్టును కొట్టిన వానికి దండన విధించడం ఆధునికుల కల్పన కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగరోపవనాలలోని పూలచెట్లకు, పండ్లచెట్లకు, నీడనిచ్చే చెట్లకు హాని చేసినవారికి దండనలు నిర్ణయింపబడి ఉన్నవి. చిగుళ్ళను త్రుంచితే ఆరు పణాలు, చిన్న కొమ్మలను నరికితే పన్నెండు, పెద్ద కొమ్మలను నరికితే ఇరువది నాలుగు పణాలు. మానునే నరికితే పూర్వసాహస దండం, సమూలంగా పెకలిస్తే మధ్యమసాహస దండం. పొలిమేర చెట్ల విషయంలోను, పూజలందుకొనే చెట్ల విషయంలోను ఈ దండనలు రెట్టింపు. ఇవన్నీ ప్రధానంగా బహిరంగ స్థలాలలోని చెట్లకు చెందిన నియమాలు. అయినను వాటిలో ఒక పదం గమనింపదగినది. మాను నరకడాన్ని కౌటిల్యుడు 'స్కంధవధ' అన్నాడు. కొమ్మకు 'ఛేదనం' అన్న పదంతో సరిపెట్టినవాడు మాను దగ్గరకు వచ్చేసరికి 'వధ' అన్నాడు. కొమ్మ పోయినా చెట్టు బ్రతుకుతుంది, మాను పోతే బ్రతకదు. నేటి అనుమతి విధానంలో కూడా ఈ తారతమ్య వివేకం ఎంతో అవసరమని నా అభిప్రాయం.

ఇక ఆచరణకు వద్దాం. నరసరావుపేటలో ఒక గృహస్థు ఇంటి వెనుక ముప్పది యేండ్ల వేపచెట్టు ఉన్నదనుకొందాం. దాని వేరు ప్రహరీగోడ పునాదిని ఎత్తివేసినది. ఒక పెద్ద కొమ్మ కరెంటు తీగల మీదికి వాలినది. అతడు మొట్టమొదట వేసుకొనవలసిన ప్రశ్న, చెట్టు పోవాలా, కొమ్మ పోతే చాలునా అన్నది. తీగల మీది కొమ్మకు విద్యుత్ శాఖ సిబ్బందికి తెలిపి, సరఫరా నిలిపిన తరువాత తీయించుకోవచ్చు. గోడను వేరు ఉన్నచోట కొంచెం వంపు తిప్పి కట్టుకొనే వీలున్నదేమో మేస్త్రీని అడగవచ్చు. అవేవీ కుదరకపోతే అప్పుడు దరఖాస్తు.

దరఖాస్తు అనగానే బెదరవలసిన పని లేదు. అటవీశాఖ కార్యాలయంలోగాని, పట్టణమైతే పురపాలక సంఘ కార్యాలయంలోగాని విచారిస్తే ఎవరికి సమర్పించవలెనో చెప్పుతారు. అందులో యజమాని పేరు, ఇంటి సంఖ్య, స్థలం తనదేనని తెలిపే పత్రం, చెట్టు జాతి, దాని చుట్టుకొలత, నరకవలసిన కారణం స్పష్టంగా ఉండాలి. కారణం వ్రాసే చోటనే చాలమంది తడబడుతారు. "అడ్డముగా ఉన్నది" అని ఒక్క ముక్క వ్రాస్తే అధికారికి ఏమీ తెలియదు. గోడ ఎన్ని అడుగుల మేర పగిలినది, చెట్టు ఏ వైపునకు వాలినది, ఆ వైపున మనుష్యులు నివసించే గది ఉన్నదా అన్నవి వ్రాసి, ఛాయాచిత్రాలు జతచేస్తే పని సులభమవుతుంది. ఎండిపోవడం, తెగులు సోకడం, గాలివానకు ఒరగడం, ప్రాణానికో ఆస్తికో ప్రమాదకరంగా ఉండడం, రాకపోకలకు అడ్డుకావడం - ఇవి వృక్షసంరక్షణ చట్టాలు సాధారణంగా అంగీకరించే కారణాలు. అధికారి వచ్చి చెట్టును చూచి, అనుమతి పూర్తిగా ఇవ్వవచ్చు, కొన్నింటికే ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు. ఏ నిర్ణయమైనను వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట అనుమతి రేపు ఫిర్యాదు వచ్చిననాడు నిలువదు.

అనుమతి తీసుకోవడానికి బదులు చెట్టును చంపి, ఎండిపోయినదని చూపించే తెలివి కొందరికి ఉన్నది. మొదలు చుట్టూ బెరడు ఒలిచివేయడం, వేళ్ళకు రసాయనాలు పోయడం, చెత్త కుప్ప వేసి నిప్పు పెట్టడం అందులోని మార్గాలు. మన దేశంలోని వృక్షసంరక్షణ చట్టాలు ఈ తెలివిని ముందే ఊహించినవి. 1976 నాటి కర్ణాటక చట్టమూ, 1994 నాటి ఢిల్లీ చట్టమూ బెరడు ఒలవడాన్ని, విషం పెట్టడాన్ని, కాల్చడాన్ని కూడా నరకడం కిందనే లెక్కించినవి.

నియమాన్ని మీరితే ఎంతదాకా పోతుందో తెలిపే ఉదాహరణ ఇటీవలిదే ఉన్నది. తాజ్‌మహల్ పరిసర రక్షిత మండలంలో సుప్రీంకోర్టు అనుమతి లేకుండా చెట్లు కొట్టరాదన్న ఉత్తర్వు 2015 నుండి అమలులో ఉండగా, 2024 సెప్టెంబరులో మథుర-బృందావనం ప్రాంతంలో ఒక్క రాత్రిలో 454 చెట్లను నేలకూల్చినారు. వాటిలో అధికభాగం ప్రైవేటు భూమిలోనివే. 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల వంతున చెల్లించవలెనని తీర్పు చెప్పినది. అది ప్రత్యేక రక్షణ గల ప్రాంతం కనుక పల్నాటి పెరటికి ఆ లెక్క వర్తించదు. కాని "భూమి నాది" అన్న వాదం అక్కడ నిలువలేదన్నది గమనించవలె.

దీనికి మరొక ముఖం కూడా ఉన్నది. రేపు తీయడానికి అనుమతి కావలసి వస్తుందన్న భయంతో అసలు నాటడమే మానుకొనేవారు ఉన్నారు. పొలంలో తోటగా పెంచే సరుగుడు, జామాయిల్, సుబాబుల్ వంటి జాతులకు ప్రభుత్వాలు సడలింపులు ఇచ్చినది ఈ జంకు తీర్చడానికే. రైతు వాటిని పంటగానే పెంచుతాడు, పంటగానే కోస్తాడు. పెరటి వేపకూ, చింతకూ అట్టి సడలింపు ఇస్తే చట్టమే ఉండదు. కనుక అక్కడ కావలసినది సడలింపు కాదు, త్వరితమైన పరిశీలన. గోడ కూలబోతున్నదని దరఖాస్తు పెట్టిన గృహస్థును నెలల తరబడి తిప్పితే, అతని పొరుగువారందరూ అనుమతి అడగకుండా కొట్టడం నేర్చుకొంటారు.

అనుమతి చేతికి వచ్చిన తరువాత గొడ్డలి ఎత్తే ముందు చెట్టును ఒకసారి తలయెత్తి చూడాలి. గూళ్ళలో గ్రుడ్లో, పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయేవరకు ఆగడం ధర్మమే కాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గూళ్ళను, గ్రుడ్లను పాడుచేయడాన్ని వేట కిందనే పరిగణిస్తున్నది. టేకు వంటి కలపను ఊరు దాటించాలంటే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాల ప్రకారం రవాణా పత్రం వేరుగా పొందాలి. నరికే అనుమతి రవాణాకు చెల్లదు. కొట్టిన చెట్టుకు బదులుగా మొక్కలు నాటి పెంచవలసిన బాధ్యత కూడా అనుమతితో పాటే యజమానికి సంక్రమిస్తుంది. నాటేటప్పుడు ప్రహరీకి, మురుగు కాలువకు, తీగలకు దూరంగా చోటు చూచుకొని, స్థలం చిన్నదైతే వేపకు బదులు కరివేపనో, జామనో, దానిమ్మనో ఎంచుకొంటే మరల గోడకూ వేరుకూ తగవు రాదు. పల్నాటిలో ఇందుకు తొలకరి వానలు పడి నేల చల్లబడిన తరువాతి రోజులు అనువైనవి. మొదటి రెండు వేసవులు మాత్రం కుండతోనైనా నీరు పోయవలసినదే.