ఖాళీ గడి సున్నా కాదు

పాలపద్దు, పచారీ పద్దు రాయడం మనకి కొత్త కాదు. గోడ మీద బొగ్గుతో గీతలు గీసైనా సరే, నెలాఖరుకి లెక్క తేల్చేస్తాం. ఇప్పుడు పొదుపు సంఘాల పద్దులు కూడా కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. అక్కడే ఒక చిక్కుంది. మనం టైపు చేసిన పట్టిక మన కంటికి లెక్కే గాని, యంత్రానికి ఉత్త అక్షరాల వరస. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో 9ని, 10ని అక్షరాలుగానే ఉంచి కలపమంటే 19 అనదు. పక్కపక్కన పేర్చి 910 అంటుంది! అందుకని ముందు వాటిని అంకెలుగా మార్చాలి.

ఒక నెల పద్దు తీసుకుందాం. లక్ష్మి పేరుకెదురుగా 200 అని ఉంది. మంగమ్మకి రూ.1,200/- అని, సరోజకి తెలుగంకెల్లో ౩౦౦ అని రాశారు. రమణమ్మ గడి ఖాళీ.

మొదటి పని, వరసని గడులుగా విడదీయడం. ఖాళీ జాగా ఉన్నచోటల్లా విడదీస్తే ఇంటిపేరొక గడిలోకి, పేరొక గడిలోకి పోతాయి. కామా దగ్గర విడదీస్తే 1,200 రెండు ముక్కలవుతుంది. కాబట్టి గడికీ గడికీ మధ్య ట్యాబ్ గాని, నిలువు గీత గాని పెట్టుకోవడం మేలు.

రెండోది, బియ్యంలో రాళ్ళేరినట్టు అంకె చుట్టూ ఉన్నవి ఏరెయ్యడం. ఇక్కడ జాగ్రత్త సుమండీ! 'రూ' తీసేసి దాని పక్క చుక్క మరిచిపోతే మిగిలేది .1200. యంత్రం దాన్ని దశాంశం అనుకుంటే, మంగమ్మ పన్నెండు వందలూ పన్నెండు పైసలైపోతాయి.

మూడోది, మిగిలినదాన్ని అంకెగా మార్చమనడం. పైథాన్లో దీనికి ఇంట్ అనే ఆజ్ఞ ఉంది. తెలుగంకెలు కూడా దానికి తెలుసు. సున్నాకి బదులు ఇంగ్లీషు 'ఓ' అక్షరం కొట్టి ఉంటే మాత్రం ఒప్పుకోదు, తప్పని చెప్పి ఆగిపోతుంది. విసుక్కోకండి. తప్పు లెక్క చెప్పడం కన్నా ఆగడమే నయం కదా!

ఇక రమణమ్మ గడి. చాలామంది అక్కడ సున్నా పెట్టేస్తారు. సున్నా అంటే ఆమె కట్టలేదని అర్థం. ఖాళీ అంటే మనకి తెలియదని అర్థం. డబ్బు కట్టినా రాసేవాళ్ళు మరిచి ఉండొచ్చు. ఆ ఒక్క సున్నాతో ఆమె బాకీదారు అవుతుంది, రేపు అప్పు అడిగితే వెనక్కి నెట్టేస్తారు. సగటు కూడా మారిపోతుంది. ఇద్దరు 200, 400 కట్టి మూడో గడి ఖాళీగా ఉంటే, తెలిసినవాళ్ళ సగటు 300. సున్నా వేస్తే 200.

అందుచేత ఖాళీని ఖాళీగానే గుర్తు పెట్టించి, ఆ మనిషిని అడిగి నింపండి. మొదట రాసిన పట్టికని చెరపకుండా పక్కన ఉంచండి. చివర యంత్రం చెప్పిన మొత్తాన్ని చేత్తో వేసిన కూడికతో ఒకసారి సరిచూడండి. అంకెలు మార్చడం యంత్రం పని. ఆ అంకె ఎవరి కష్టార్జితమో గుర్తుంచుకోవడం మన పని.