వాడని మందుకూ లొంగని బాక్టీరియా

"మా కుక్కకు మూత్రంలో ఇన్ఫెక్షన్. ల్యాబ్ రిపోర్టులో నాలుగు మందుల ఎదురుగా 'ఆర్' అని ఉంది, అవి పనిచేయవట. వాటిలో మేం వాడింది ఒక్కటే, నిరుడు టిక్ ఫీవర్‌కు వేసిన డాక్సీసైక్లిన్. మిగతావి ఎన్నడూ ముట్టని కుక్కకు ఇదెట్ల?" అని కరీంనగర్ పాఠకుడొకరు అడిగారు. ఎంత మంచి ప్రశ్న! డెబ్బై ఏళ్ల కిందట పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే దీని దగ్గర తప్పటడుగు వేశారు.

ఆ 'ఆర్' పడే తీరు చూడండి. పళ్లెంలో జెల్లీ మీద బాక్టీరియాను పూసి, మందు అద్దిన కాగితపు బిళ్లలు పెట్టి, రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ తేటగా గుండ్రటి ఖాళీ మిగులుతుంది. లేదంటే తెల్లటి పొర బిళ్ల అంచుదాకా పాకేస్తుంది.

1950లలో జపాన్‌లో రక్తవిరేచనాల రోగుల్లో ఒకేసారి నాలుగు మందులకు లొంగని షిగెల్లా అనే బాక్టీరియా బయటపడింది. జన్యువులో అనుకోకుండా వచ్చే మార్పు వల్లే మొండితనం పుడుతుందని అప్పటి నమ్మకం. లెక్క వేయండి. ఒక మందును తట్టుకునే మార్పు పది కోట్ల కణాల్లో ఒకదానికి వస్తుందనుకుంటే, నాలుగూ ఒకేసారి రావాలంటే 1 పక్కన 32 సున్నాలన్ని కణాలు కావాలి. భూమ్మీది బాక్టీరియా అంతా కలిపినా అన్ని లేవు! పైగా ఆ రోగుల పేగుల్లోని ఈ.కోలై అనే మరో బాక్టీరియా కూడా అవే నాలుగు మందులకు లొంగలేదు. 1959లో ఒచియాయ్, అకిబా బృందాలు రెండు జాతులనూ కలిపి పెంచి చూశాయి. మొండితనం ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకింది. 1963లో జపాన్ శాస్త్రవేత్త వతనాబే ఇంగ్లీషులో సమగ్రంగా రాసేదాకా పడమటి దేశాలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

మొండితనాన్ని పాకించేది ప్లాస్మిడ్ అనే గుండ్రటి చిన్న డీఎన్ఏ. అది ఉన్న కణం సన్నని పోగును చాచి పక్క కణాన్ని పట్టి దగ్గరికి లాక్కుంటుంది. ఒక ఎంజైమ్ ప్లాస్మిడ్ రెండు పేటల్లో ఒకదాన్ని ఒకచోట తెంపుతుంది. ఆ పేట అవతలికి జారుతుంది. రెండు కణాలూ లోపించిన పేటను మళ్లీ అల్లుకుంటాయి. ఇచ్చినదానికి తరగలేదు, పుచ్చుకున్నదానికి పూర్తిగా దక్కింది. అంతా కొద్ది నిమిషాల పని.

ఇక కరీంనగర్ కుక్క సంగతి. నాలుగు మందులనూ తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీదుంటే, డాక్సీసైక్లిన్ ఒక్కటే వాడినా చాలు. దానికి లొంగినవి చస్తాయి, మిగిలినవి నాలుగింటినీ మోస్తూ పెరుగుతాయి. డాక్సీసైక్లిన్ చెందిన టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి అందింది మన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా సారథిగా ఉన్న లెడర్లీ మందుల కంపెనీ నుంచే. అంత గొప్ప కుటుంబపు మందులను పశువుల పొదుగువాపుకీ పుండుకీ అంచనా మీద వాడి మొద్దుబార్చడం నాకు బాధగా ఉంది.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ పశువుల దవాఖానల నుంచి నమూనాలు ఇలాంటి పరీక్షకు అక్కడికి క్రమం తప్పకుండా వెళ్లే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. మీరైతే మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్ర కుక్కకు వేయకండి. ఇన్ఫెక్షన్ తిరగబెడితే, మందు మార్చే ముందు పైన చెప్పిన పళ్లెం పరీక్ష, అంటే కల్చర్ పరీక్ష చేయించమని డాక్టరుగారిని అడగండి.