అలసిన గుండెపై ఒత్తిడి హార్మోన్ల కొరడా

ఉదయం సరిపోయిన చెప్పులు సాయంత్రానికి బిగుతవుతాయి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడ్డ గుంట కాసేపటి దాకా పూడదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. తలకింద రెండు మూడు దిండ్లు పెట్టుకుంటే తప్ప రాత్రి నిద్ర పట్టదు. "వయసు మీద పడుతోందిలే" అని చాలామంది సరిపెట్టుకునే ఈ లక్షణాలు గుండె వైఫల్యానికి, అంటే హార్ట్ ఫెయిల్యూర్‌కు గుర్తులు కావచ్చు.

బలహీనపడింది గుండె అయితే నీరు కాళ్లలో ఎందుకు చేరుతుంది? దీని జవాబులో ఎక్కువ భాగం గుండెకు దూరంగా, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథుల దగ్గర దొరుకుతుంది. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములకు మించని ఈ అడ్రినల్ గ్రంథులనే మన పాఠ్యపుస్తకాలు అధివృక్క గ్రంథులు అంటాయి.

శరీరం పొరపడే చోటు

పేరు చూసి గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం అనుకోకూడదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. కానీ శరీరానికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోతుంది. గుండెపోటులో దెబ్బతిన్న కండరం, ఏళ్ల తరబడి అదుపు తప్పిన రక్తపోటు, మధుమేహం, చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో పాడైన కవాటాలు దీనికి ముఖ్య కారణాలు. 2013లో తిరువనంతపురంలో 1205 మంది గుండె వైఫల్య రోగుల వివరాలను వైద్యులు నమోదు చేశారు. వారి సగటు వయసు దాదాపు 61 ఏళ్లు. ఆస్పత్రిలో చేరిన ఏడాదిలోపే వారిలో సుమారు 31 శాతం మంది మరణించారు.

గుండె సరిగా పంపు చేయనప్పుడు ధమనుల్లో ఒత్తిడి తగ్గుతుంది. మెడలోని ధమనుల్లో, బృహద్ధమనిలో ఉన్న ఒత్తిడి గ్రాహకాలు ఈ తగ్గుదలను పసిగడతాయి. అయితే పంపు బలహీనపడిందా, గాయమై రక్తం పోతోందా అన్నది వాటికి తెలియదు. మానవ పరిణామంలో ఒత్తిడి ఉన్నట్టుండి పడిపోవడం అంటే ఎక్కువగా గాయమో, ఒంట్లో నీరు పోవడమో. అందుకే శరీరం ఆ ప్రమాదానికి తగ్గ సన్నాహమే మొదలుపెడుతుంది: గుండెను వేగంగా కొట్టించు, రక్తనాళాలను బిగించు, ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వకు.

రెండు పొరలు, రెండు ఆజ్ఞలు

ఈ పనుల్లో అడ్రినల్ గ్రంథి రెండు విధాలుగా పాల్గొంటుంది. దాని లోపలి భాగమైన దవ్వ అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. గుండెకు చేరే నాడుల కొసల నుంచి వచ్చే నార్అడ్రినలిన్ దానికి తోడవుతుంది. రెండూ కలిసి గుండెను అదిలిస్తాయి.

బయటి పొరైన వల్కలం కథ వేరు. రక్తం తక్కువగా అందిన మూత్రపిండాలు రెనిన్‌ను వదులుతాయి. దానివల్ల చివరికి యాంజియోటెన్సిన్-2 అనే పదార్థం తయారై, రక్తనాళాలను బిగిస్తూనే, ఆల్డోస్టిరాన్‌ను వదలమని వల్కలాన్ని పురమాయిస్తుంది. ఆల్డోస్టిరాన్ మూత్రంలో పోవలసిన సోడియాన్ని వెనక్కి లాగుతుంది. ఉప్పు వెంట నీరూ నిలుస్తుంది. ఆ నీరే ఊపిరితిత్తుల్లో ఆయాసంగా, కాళ్లలో వాపుగా బయటపడుతుంది. ఇదే పొర నుంచి వచ్చే మరో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్. అది ఎక్కువగా ఉన్న గుండె వైఫల్య రోగులకు ముప్పు ఎక్కువని పరిశోధనల్లో కనిపించింది.

గాయం తగిలినప్పుడు ఈ ఏర్పాటు కొన్ని గంటలు పనిచేసి ప్రాణం నిలబెడుతుంది. గుండె వైఫల్యంలో అది నెలలు, ఏళ్ల తరబడి ఆగదు. బక్కచిక్కిన ఎద్దును కొరడాతో కొట్టి బండి లాగించినట్లే ఇది. కాసేపు బండి కదులుతుంది, తర్వాత ఎద్దు కూలబడుతుంది. బిగిసిన నాళాల్లోకి రక్తం నెట్టడానికి గుండె మరింత శ్రమపడాలి. ఆల్డోస్టిరాన్ వల్ల గుండె కండరంలో నారలాంటి మచ్చ కణజాలమూ పెరుగుతుంది. విఫలమైన గుండెల్లో అడ్రినలిన్‌ను అందుకునే బీటా గ్రాహకాలు సుమారు సగానికి తగ్గిపోతాయని మైఖేల్ బ్రిస్టో బృందం 1982లో చూపింది. ఎడతెగని అదిలింపు నుంచి గుండె తనను తాను కాపాడుకోవడానికి చేసే ప్రయత్నం ఇది. రక్తంలో నార్అడ్రినలిన్ ఎంత ఎక్కువగా ఉంటే రోగి బతికే అవకాశం అంత తక్కువని జే కోన్ బృందం 1984లో 106 మందిని పరిశీలించి తేల్చింది.

పనిచేయని బ్రేకు

ఇంత హార్మోన్ విడుదలవుతుంటే అడ్రినల్ గ్రంథి తనంతట తాను ఎందుకు ఆగదు? నిజానికి దానికి బ్రేకు ఉంది. అడ్రినలిన్ తగినంత వెలువడగానే గ్రంథి కణాల మీది ఆల్ఫా-2 గ్రాహకాలు గ్రహించి "ఇక చాలు" అని చెబుతాయి. గుండె వైఫల్యంలో ఈ బ్రేకు పట్టు తప్పుతుందని ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో చూపారు. జీఆర్‌కే2 అనే ఎంజైమ్ గ్రంథిలో పెరిగిపోయి ఆల్ఫా-2 గ్రాహకాలను మొద్దుబారుస్తోంది. ఎలుకల అడ్రినల్ గ్రంథుల్లో జన్యు చికిత్సతో ఈ ఎంజైమ్‌ను అడ్డుకోగా హార్మోన్ల వరద తగ్గింది, గుండె పనితీరు మెరుగుపడింది. అంటే గుండెను ముట్టుకోకుండానే గుండెకు మేలు జరిగింది. గుండె వైఫల్యమున్న ఎలుకలతో వ్యాయామం చేయించినప్పుడు కూడా గ్రంథిలో ఈ ఎంజైమ్ తగ్గింది. మనుషులకు ఈ జన్యు చికిత్స ఇంకా అందుబాటులోకి రాలేదు.

తలకిందులైన వైద్యం

బలహీనమైన గుండెను నెమ్మదింపజేసే మందులు ఇస్తే రోగి మరింత దిగజారతాడని వైద్యులు ఒకప్పుడు నమ్మేవారు. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టైన్ బృందం ఆ నమ్మకానికి ఎదురు వెళ్లి ఏడుగురు రోగులకు బీటా బ్లాకర్లు ఇచ్చింది. వారు కోలుకున్న తీరును 1975లో ప్రచురించింది. వైద్యలోకం ఒప్పుకోవడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. 1999లో బిసోప్రొలాల్‌తో 2647 మందిపై, మెటోప్రొలాల్‌తో 3991 మందిపై జరిగిన పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. రెండింటిలోనూ మరణాలు 34 శాతం తగ్గాయి. ఆల్డోస్టిరాన్‌కు అడ్డుపడే స్పైరనోలాక్టోన్ అనే పాత మాత్ర, తీవ్ర గుండె వైఫల్యమున్న 1663 మందిలో మరణాలను 30 శాతం తగ్గించిందని అదే ఏడాది తేలింది. మేలు అంత స్పష్టంగా కనిపించడంతో ఈ మూడు పరీక్షలనూ గడువుకు ముందే ఆపేశారు.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

ఈ మందులు వేసుకుంటున్నవారు "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని సొంతంగా మానేయకూడదు. ముఖ్యంగా బీటా బ్లాకర్లు ఒక్కసారిగా ఆపితే అప్పటిదాకా అణిగి ఉన్న అడ్రినలిన్ ప్రభావం ఒక్కుమ్మడిగా గుండె మీద పడుతుంది.

ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లో ఉప్పు ఎక్కువ. ఆల్డోస్టిరాన్ వదలనివ్వని ఉప్పుకు ఇది అదనం. దుకాణంలో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రల్లో చాలావాటి వల్ల కూడా ఒంట్లో నీరు నిలుస్తుంది. స్పైరనోలాక్టోన్ వాడేవారికి మరో జాగ్రత్త అవసరం. అది పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచేస్తుంది. పొటాషియం ఉండే "తక్కువ సోడియం" ఉప్పు, రోజూ తాగే కొబ్బరినీళ్లు మంచివనిపించినా, రక్తంలో పొటాషియం హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది. వైద్యుణ్ని అడిగాకే వాడాలి, రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

అన్నిటికన్నా సులువైన కాపలా బరువు చూసుకోవడం. రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు పైగా పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా వెంటనే వైద్యుడికి చెప్పాలి.