శివనాథ్‌కు అటూ ఇటూ

శివనాథ్ నదికి ఉత్తరాన 18 గఢ్‌లు, దక్షిణాన 18. కలచురి వంశం రెండు శాఖలైనప్పుడు మొదటి వాటా రతన్‌పూర్‌కు, రెండోది రాయ్‌పూర్‌కు పోయిందనీ, ఈ 36 నుంచే ఛత్తీస్‌గఢ్ పేరు వచ్చిందనీ ఇక్కడ అందరూ చెప్పే మాట. ఈ పంపకంలో భాషనో ఆచారాన్నో చూశారనడానికి ఆనవాలేమీ లేదు. ఏటికి అటూ ఇటూ వినిపించేది ఛత్తీస్‌గఢీయే. పాత లెక్కలో గఢ్ అంటే 84 ఊళ్లు, అందులో మళ్లీ పన్నెండేసి ఊళ్ల విభాగాలు. శిస్తు వసూలుకు అనువుగా చేసిన లెక్కే తప్ప ఒక్కో గఢ్‌లో ఒక్కో జాతి ఉందని కాదు. అన్నదమ్ములు పొలం పంచుకుంటే మధ్యలో ఉన్న కాలవే హద్దవుతుంది, అవతలి మట్టి వేరే రకమై కాదు.

రోమన్ల గోడలూ ఇంతే. బ్రిటన్‌లో హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 122లో మొదలుపెట్టించిన గోడ పొడవు సుమారు 117 కిలోమీటర్లు. దాని మీది కొన్ని కోటల కింద తవ్వితే నాగటి చాళ్లు బయటపడ్డాయి, అంటే దున్నుతున్న పొలాల మీదే కట్టేశారు. రోమన్ మైలుకో చిన్న కోట, దానికో ద్వారం ఉండాలన్నది నియమం. హౌస్‌స్టెడ్స్ దగ్గర అలాంటి ఒక ద్వారం దాటితే ఎదురుగా ఉన్నది నిట్టనిలువు వాలు. అక్కడ ఎవరు ఎటు వెళ్తారన్నది కాదు, కొలతే ముఖ్యమైంది. జర్మనీలోనైతే సరిహద్దు ఒకచోట దాదాపు 80 కిలోమీటర్లు తాడు పట్టినట్టు తిన్నగా సాగుతుంది. ఏ తెగా అంత తిన్నగా కాపురముండదు. బ్రిగాంటెస్ తెగ పేరు మోసే బ్రిగాంటియా దేవత శిల్పం గోడకు ఉత్తరాన బిర్రెన్స్‌లో దొరకడాన్ని, గోడ ఆ తెగను రెండుగా చీల్చిందనడానికి సాక్ష్యంగా కొందరు చూపిస్తారు. దాన్ని నిలిపింది రోమన్ సైన్యంతో పనిచేసిన మనిషే కాబట్టి, నా దృష్టిలో నాగటి చాళ్ల సాక్ష్యమే గట్టిది.

నదులూ కొండలూ మనుషుల్ని ముందే వేరుచేస్తాయి కదా, పాలకులు ఆ గీతనే ఖాయం చేసి ఉండొచ్చు కదా అనొచ్చు. రైన్ నది గాల్ జాతినీ జర్మన్లనూ విడదీస్తుందని సీజర్ కూడా రాశాడు. తవ్వకాల్లో మాత్రం రెండు ఒడ్డులా ఒకే తరహా సామగ్రి దొరికింది. మన బస్తర్‌నే చూడండి. ఇంద్రావతికి రెండు వైపులా గోండులే. గోదావరి దాటి వచ్చిన కాకతీయ వంశమే అక్కడ రాజ్యమేలింది. శబరి ఒడ్డున కుంట దగ్గర తెలుగు ఏటితో ఆగిపోదు.

మరి ఇప్పుడు కనిపిస్తున్న తేడాలు? ఉన్నాయి, కానీ అవి గీత తర్వాత వచ్చినవి. కుంట వైపు బడిలో హిందీ, అవతల తెలుగు. రెండు తరాలు అలా చదివితే హద్దుకు ఒక సంస్కృతి మొలుస్తుంది. రోమన్ గోడల వెనకా అలా మొలిచి ఉండొచ్చు. అంతమాత్రాన గోడకు అదే కారణమనలేం. 142లో రోమన్లు దాదాపు 160 కిలోమీటర్లు ఉత్తరాన మరో గోడ కట్టారు, ఇరవై ఏళ్లు తిరిగేసరికి దాన్ని వదిలి పాతదానికే తిరిగొచ్చారు. ఆ ఇరవై ఏళ్లలో తెగలేమీ వాళ్ల వెంట ముందుకూ వెనక్కీ జరగలేదు.